హద్దు రైతుల్ని అడిగే పద్ధతి

నందిగామలో మమ్మల్ని ఎదురుగా ఉన్నప్పుడు మధ్యవర్తులనేవాళ్లు, అటు తిరగ్గానే బ్రోకర్లనేవాళ్లు. రియల్ ఎస్టేటు అనే మాట అప్పటికింకా మా ఊళ్లకు రాలేదు. రిజిస్ట్రారాఫీసుకు ఎదురుగా ఒక టీకొట్టు ఉండేది. దాని బయట వేసిన బల్లే మా ఆఫీసు. పొలం అమ్మాలన్నా, ఇల్లు కొనాలన్నా జనం ఆ బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు. అంతకుముందు నేను ఒక దస్తావేజు లేఖరి దగ్గర కొన్నేళ్లు రాతపని చేశాను. ఆయన పోయాక ఆ పని వదిలి బేరాల్లోకి దిగాను. డెబ్బైల మొదట్లో దిగినవాణ్ని ఎనభైల చివరిదాకా అందులోనే ఉన్నాను.

రోజూ డైరీ రాయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఎండా వానా, ఎక్కడికి వెళ్లింది, ఎవరిని కలిసింది, ఇంతే. అభిప్రాయాలు రాయను. పని మానేశాక పాత డైరీలన్నీ ఒక వరసలో సర్దుతుంటే డెబ్బైల చివర్లో ఒక వేసవి దగ్గర చెయ్యి ఆగింది. అందులో నేను మరిచిపోయిందేమీ లేదు. అన్నీ గుర్తున్నవే. అప్పుడు రాయకుండా వదిలేసిన అభిప్రాయం ఒకటుంది, దాన్ని ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నా పద్ధతి చెప్పాలి. కొత్తలో ఒక బేరం చేశాను. కొన్నవాడు అరకలు తోలుకుని పొలంలోకి వెళితే, పక్క పొలం రైతు బండి అడ్డం పెట్టి, ఈ గట్టు మీద దారి నాది అన్నాడు. ఆ తగువు తేలడానికి ఒక పంట కాలం పట్టింది. కొన్నవాడు నన్ను ఒక్క మాట అనలేదు గానీ, మళ్లీ మా బల్ల వైపు రాలేదు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బజానా, అంటే బయానా, చేతులు మారకముందే పొలానికి నాలుగు వైపులా హద్దు రైతుల్ని పిలిపించి, అమ్మేవాళ్ల ఎదురుగానే గట్టు మీద నిలబెట్టి అడిగేవాణ్ని. ఈ చెక్కలో మీకు దారి హక్కు గానీ, నీటి హక్కు గానీ, చెట్టు గానీ ఏమైనా ఉందా? లేదంటే సరే. ఉందంటే ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పేవాణ్ని. ఇంకొకటి, ఒక బేరంలో ఒకవైపు నుంచే నా కమీషను తీసుకునేవాణ్ని. ఈ రెండూ కలిసి నందిగామలో నాకొక పేరు వచ్చింది. ఆ పేరంటే నాకు ఇష్టంగానే ఉండేది, అది అబద్ధం చెప్పను.

నాతోపాటు ఆ బల్ల మీద ఇంకొకాయన కూర్చునేవాడు. అంతకుముందు సంతల్లో పశువుల బేరాలు చేసినవాడు. తువ్వాలు కింద చేతివేళ్లు పట్టుకుని ధర చెప్పుకునే బేరాలవి. మాట తియ్యన. రెండువైపులా కమీషను తీసుకునేవాడు, ఒకడికి చెప్పిన ధర ఇంకొకడికి చెప్పేవాడు కాదు. నేను పొలం కొలతలు రాసుకుంటుంటే నవ్వి నన్ను మేష్టారనేవాడు. హద్దు రైతుల్ని పిలవడాన్ని హాజరు వెయ్యడం అనేవాడు. బేరాలు చాలావరకు ఇద్దరం కలిసే చేసేవాళ్లం. కొనేవాళ్లను అతను తెచ్చేవాడు, కాగితాలు నేను చూసేవాణ్ని.

ఆ ఏడు పెనుగంచిప్రోలు తిరునాళ్లు అయిపోయి, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో ఒకావిడ మా బల్ల దగ్గరికి వచ్చింది. పెనుగంచిప్రోలుకు అవతల మునేటి దరి ఊరు వాళ్లది. భర్త పోయి నాలుగైదేళ్లయింది. భర్త వాటాకు వచ్చిన మెట్ట చెక్క ఒకటి, అందులో బావి ఒకటి ఉన్నాయి. కూతురు పదో తరగతి. ఉండేది భర్త అన్నగారింట్లో. ఆయన్ని ఆమె బావగారనేది. ఆయన చెడ్డవాడని ఆమె ఎప్పుడూ అనలేదు. తిండి పెడుతున్నాడు, పిల్లను బడికి పంపుతున్నాడు. కానీ బియ్యం కావాలన్నా అడగాలి, కూతురికి పరికిణీ కుట్టించాలన్నా అడగాలి, పుట్టింటికి వెళ్లాలన్నా అడగాలి. వసారాలో పడక. పొలం అమ్మి నందిగామలో కోర్టు వెనక వీధిలో చిన్న పెంకుటిల్లు కొనుక్కుని, బట్టలు కుడుతూ పిల్లను కాలేజీలో చదివించుకోవాలని ఆమె ఆలోచన.

"పెద్ద ఇల్లేం వద్దండి అన్నయ్యగారూ," అన్నది. "లోపల్నుంచి గడియ పెట్టుకునే తలుపు ఒక్కటుంటే చాలు."

ఆ ఇల్లు కూడా నేనే చూపించాను. రెండు గదులు, వెనక కొద్దిగా దొడ్డి. ఆమె గదుల్లో తిరగలేదు. వంటగది గడప మీద కాసేపు కూర్చుంది. మిషను ఏ కిటికీ దగ్గర పెడితే వెలుతురు బాగుంటుందో చూసుకుంది. ఆ ఇంటాయనకు తొందర లేదు, వేసవి అయ్యేదాకా ఆగుతానన్నాడు. కాబట్టి ఇక పొలం అమ్ముడుపోవడమే మిగిలింది.

నా భాగస్థుడు జగ్గయ్యపేట నుంచి ఒక శావుకారును తెచ్చాడు. మిరపకాయల హోల్‌సేలు వ్యాపారం ఆయనది. నెమ్మదైన మనిషి, మాట తక్కువ. ఎర్రటి ఎండలో పొలానికి వచ్చి బావిలోకి తొంగి చూశాడు. ఆ మెట్టలో భూమి ధర సగం, బావి ధర సగం. చుట్టుపక్కల బావులన్నీ అడుగంటినా అందులో నీళ్లున్నాయి. అది చూసే ఆయన సరేనన్నాడు. ధర కుదిరింది. ఆమె అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువే కుదిరింది. వచ్చే శుక్రవారం బజానా అనుకున్నాం. హద్దు రైతుల్ని అడగడం ఒక్కటే మిగిలింది.

"ఈసారికి మానెయ్ మేష్టారూ," అన్నాడు భాగస్థుడు. "తూర్పు హద్దు వాళ్ల బావగారిది. ఆయన్ని కదిలించడం దేనికి?"

మానడానికి కారణమేమీ కనపడలేదు నాకు. ఒకరి విషయంలో మానితే అది పద్ధతి కాదు.

నలుగురూ వచ్చారు. పడమటి రైతు తనకు దారి అక్కర్లేదన్నాడు. ఉత్తరాన దేవుడి మాన్యం, దాన్ని కౌలుకు చేసేవాడు తనకేం పేచీ లేదన్నాడు. దక్షిణం వైపు ముసలాయన గట్టు మీది తుమ్మచెట్టు తనదన్నాడు. తీసుకోండి తాతా అంది ఆమె. అందరం నవ్వాం. చివరగా గొడుగేసుకుని బావగారు వచ్చాడు. మరదలు పొలం అమ్ముకోవడం ఆయనకు ఇష్టం లేకపోయినా అప్పటిదాకా అడ్డు చెప్పలేదు. ఎవరి వాటా వాళ్లిష్టం అన్నాడట.

ఆయన్నీ అదే మాటలతో అడిగాను. ఆయన లేదనబోయాడు. ఆ సంగతి నేను కళ్లారా చూశాను. తల అడ్డంగా కదలడం మొదలైంది. అంతలో ఆగి బావి వైపు చూశాడు.

"నీళ్ల సంగతి ఎందుకడిగారు?"

"అందరినీ అడుగుతానండి. అది నా పద్ధతి."

"ఊరికే అడగరు గదా. ఏదో ఉండబట్టే అడుగుతున్నారు."

"ఉందో లేదో తెలుసుకోడానికేనండి."

ఆయన గొడుగు ముడిచి బావి చుట్టూ తిరిగాడు. బావి దగ్గర నుంచి తూర్పుగా ఆయన చెక్కలోకి పాత బోదె ఒకటుంది. నీళ్లు పారి ఎన్నేళ్లయిందో, దాని నిండా జిల్లేడు మొలిచింది. చేతికర్రతో జిల్లేడు మొక్కలు పక్కకి తోసి చూశాడు.

"మా నాయన తవ్వించిన బావి ఇది," అన్నాడు. "నా చిన్నప్పుడు ఇందులోంచే మా చెక్కకి నీళ్లు పారేయి. నా సగం నాకు లేకుండా ఎట్టా పోద్ది?"

ఆమె నాలుగడుగులు ముందుకొచ్చింది. "బావి మాకొచ్చిందనేగా బావగారూ, రోడ్డు పక్క చెక్క మీరు తీసుకుంది. అత్తయ్య ముందే గదా పంచుకున్నారు."

"మరి అత్తయ్య ఉందా ఇప్పుడు చెప్పడానికి?"

"ఇన్నేళ్లలో ఒక్క కడవ ముంచారా ఇందులో?"

"ముంచకపోతే నాది కాకుండా పోద్దా అమ్మాయ్?"

ఆయన గొంతు పెంచలేదు. మరిచిపోయిన వస్తువు ఇంట్లోనే దొరికిన మనిషిలా ఉన్నాడు. మిగతా ముగ్గురు రైతుల్నీ చూశాను. పడమటి రైతు తువ్వాలు దులుపుకుని ఇంటికి బయల్దేరాడు. పంపకాలు నోటిమాటగా జరిగాయి. కరణం లెక్కల్లో రెండు చెక్కలూ ఇద్దరి పేర విడివిడిగా ఉన్నాయి గానీ బావి గురించి ఒక్క ముక్క లేదు. పంచిన పెద్దలు బతికి లేరు.

ఆమె చెప్పిందే నిజమని నాకు అప్పుడూ నమ్మకమే, ఇప్పుడూ నమ్మకమే. బావి పూర్తిగా తనకు రాకుండా రోడ్డు పక్క నేల వదులుకునే తమ్ముడు ఎవడూ ఉండడు. కానీ నా నమ్మకం సాక్ష్యం కాదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భాగస్థుడు నా పక్కన కూర్చున్నాడు. కాసేపు కిటికీలోంచి చూసి, "అయిందా హాజరు?" అన్నాడు. నేను కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ బావగారు ఏటా కాయలు ఎవరికి తోల్తాడో తెలుసా నీకు? మన శావుకారుకే. రేపు శావుకారు ఆ బావి మీద ఇంజను పెడితే ఈయన నోరెత్తుతాడా? పెట్టుబడికి మళ్లీ ఆయన దగ్గరికే గదా పోవాల. నువ్వు చెప్పకు, నేనూ చెప్పను. నెల తిరిగేసరికి ఆ అమ్మ నందిగామలో పొయ్యి ముట్టించుద్ది."

"తెలిసీ చెప్పకపోతే ఎట్లా?"

"తెలిసిందేంటి నీకు? ఒకాయన గట్టు మీద నుంచుని గొణిగాడు. గొణుగుడు కూడా దస్తావేజులో ఎక్కిస్తావా?"

అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అదే నాకు ఇన్నేళ్లూ మింగుడుపడని సంగతి. అబద్ధాల మీద బతికే మనిషి ఆ బస్సులో చెప్పిన ప్రతి మాటా నిజం. బావగారు శావుకారుతో తగువు పెట్టుకునేవాడు కాడు. ఆడమనిషి ఎదురుగా గుర్తొచ్చిన హక్కు, తన సరుకు కొనే శావుకారు ఎదురుగా గుర్తొచ్చేది కాదు. నేను నోరు మూసుకుంటే కొన్నవాడికీ నష్టం లేదు, అమ్మినావిడకీ నష్టం లేదు. నష్టం జరిగితే నా పద్ధతికి జరిగేది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లాను. శావుకారు కొట్లో గోతాల మధ్య కుర్చీ వేయించాడు. మిరపకాయల ఘాటుకు నాకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆయన మంచినీళ్లు ఇప్పించి, అలవాటు లేదు గదండి మీకు అన్నాడు. జరిగిందంతా చెప్పాను. బోదె సంగతి, పంపకాల సంగతి, ఆమె చెప్పిన జవాబు, ఏదీ వదల్లేదు.

"ఇందులో నిజమెంతంటారు?" అన్నాడు.

"ఆ అమ్మ చెప్పిందే నిజమని నా నమ్మకమండి."

"నమ్మకం మీద ఇంజను పెట్టలేం గదండి," అన్నాడు నెమ్మదిగా. "ముందే చెప్పి మంచి పని చేసారు. ఇంకొకళ్లయితే చెప్పరు."

కాఫీ తెప్పించాడు. బస్‌స్టాండు దాకా రిక్షా కూడా ఆయనే మాట్లాడి పంపాడు. అంత మర్యాద నాకు ఆ వృత్తిలో ఎప్పుడూ జరగలేదు.

శుక్రవారం బజానా పడలేదు. ఎందుకు పడలేదో శావుకారు తన కొట్టుకు వచ్చే రైతులకు చెప్పి ఉంటాడు. దాచాల్సిన విషయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు మరి. నా భాగస్థుడు పరిటాల నుంచి ఒకాయన్ని పట్టుకొచ్చాడు. ఆయన బస్సు దిగుతూనే, బావి తగువులో ఉందటగా అన్నాడు. ఇంకొకాయన కంచికచర్ల నుంచి వస్తానని రాలేదు. వేసవి దాటింది. తొలకరి పడి ఎవరి అరకలు వాళ్లు కట్టుకున్నారు. ఇక పొలాలు చూడ్డానికి వచ్చేవాళ్లుండరు.

అప్పుడు బావగారే కొంటానన్నాడు. బయటివాళ్ల చేతుల్లో పడటమెందుకు, ఇంటి భూమి ఇంట్లోనే ఉంటుంది అన్నాడట. సగం బావి ఎలాగూ తనదే కాబట్టి బావి లెక్కలోకి రాదన్నాడు. ఆ డబ్బుతో నందిగామలో ఇల్లు రాదు. డబ్బు కూడా తన దగ్గరే ఉంచి, పిల్ల అవసరాలకు ఎప్పుడు అడిగితే అప్పుడు ఇస్తానన్నాడు. అమ్మకపోతే ఆ ఏడు సేద్యం చేయించే మనిషి లేడు. ఆ చెక్కను ఎప్పటిలా కౌలుకిద్దామన్నా తగువులో ఉన్న బావిని నమ్ముకుని ఎవరూ రాలేదు.

ఆమె మా బల్ల దగ్గరికి ఒకసారి వచ్చింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడే మాట్లాడింది. కూర్చోమంటే కూర్చోలేదు. పోట్లాడటానికి వచ్చిందనుకున్నాను. అలా అయితే బాగుండేది.

"ఆయనకి గుర్తు లేదు అన్నయ్యగారూ," అన్నది. "మీరే గుర్తు చేసారు."

నేను నా పద్ధతి గురించి చెప్పుకొచ్చాను. కొత్తలో జరిగిన దారి తగువు చెప్పాను. రేపు కొన్నవాళ్లకు ఇబ్బంది రాకూడదని చెప్పాను. ఆమె అంతా ఓపిగ్గా విన్నది.

"మీ పద్ధతి మంచిదేనండి. నాకు పనికిరాలా."

పక్కనున్న భాగస్థుడు లేచి టీకొట్టు లోపలికి వెళ్లాడు.

రిజిస్ట్రేషను నందిగామలోనే జరిగింది. సాక్షి సంతకానికి ఇద్దరు కావాలి. నన్ను పిలిచింది బావగారు కాదు, ఆమె. మీరైతే చదివి పెడతారు గదా అంది. దస్తావేజు మొదటి నుంచి చివరిదాకా చదివాను. తప్పులేమీ లేవు. బావి గురించి, ఉభయులకూ ఉమ్మడిగా ఉన్న బావిలో విక్రయదారు తాలూకు సగభాగం అని రాయించారు. చక్కటి చేతిరాత. నేను అడిగిన ప్రశ్నకు జవాబు మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది.

రిజిస్ట్రారు గారు తల ఎత్తకుండానే అడిగారు. ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నావా అమ్మా? సొమ్ము ముట్టిందా? రోజుకు ఎంతమందినో అడిగే ప్రశ్న అది. ఆయన పద్ధతి అది. ఆమె అవునండి అన్నది. రెండింటికీ ఒకటే జవాబు. వేలిముద్ర వేసి, చదువుకున్నది కాబట్టి సంతకం కూడా పెట్టింది. ఆమె తర్వాత నేను పెట్టాను.

బయటికి వచ్చాక ఆమే, బావగారూ బస్సు కోసం నిలబడ్డారు. ఆమె నా దగ్గరికి వచ్చి, ఆ కోర్టు వెనకిల్లు ఎవరు తీసుకున్నారని అడిగింది. అప్పటికి దాన్ని కోర్టులో పనిచేసే ఒకాయనకు నేనే ఇప్పించాను. చెప్పాను.

"మంచివాళ్లేనా?"

"మంచివాళ్లేనమ్మా. ఇద్దరు చిన్నపిల్లలు."

"పోన్లెండి," అని వెళ్లి బస్సెక్కింది.

ఆ పిల్ల కాలేజీలో చేరలేదు. ఇది తర్వాత తెలిసింది. మరి కొన్నేళ్లకు, ఎనభైల్లో, ఆ మెట్టలో అందరూ బోర్లు వేయించారు. బావగారు కూడా రోడ్డు పక్క చెక్కలో బోరు వేయించుకున్నాడు. బావి అవసరం లేకపోయింది. మేకలు పడిపోతున్నాయని రాళ్లూ మట్టీ తోలించి పూడ్పించాడు. అందులోంచి ఒక్క తడి కూడా ఆయన పెట్టుకోలేదు. నా భాగస్థుడు హైదరాబాదు రోడ్డు మీద ప్లాట్లు వేసి బాగా గడించాడు. ఎవరెవరికి ఏం చెప్పి అమ్మాడో నేను అడగలేదు. కానీ ఆ ప్లాట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల తలుపులు వాళ్లు వేసుకుంటున్నారు.

నిజాయితీ అంటే నాకు ఇప్పుడు కూడా గౌరవమే. నేను చేసింది తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను. అడగాల్సింది అడిగాను, చెప్పాల్సింది చెప్పాను. మళ్లీ అదే గట్టు మీద నిలబడితే అదే అడుగుతాను. నేను చెయ్యలేనిది ఒక్కటే. అలా అడిగినందుకు సంతోషపడటం. మనం పాటించే నీతికి ఖర్చు మనమే పెట్టుకుంటామని కుర్రతనంలో అనుకునేవాణ్ని. ఆ బేరంలో నాకు పోయింది ఒక కమీషను. మిగతాదంతా ఆమెకు పోయింది. ఆమెను అడగకుండానే ఆ ఖర్చు ఆమె చేత పెట్టించాను.

రిజిస్ట్రేషను అయిన రోజు బస్సు ఎక్కేముందు బావగారు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు అడగబట్టి గానీ, లేకపోతే మా నాయన బావి పరాయివాళ్ల పాలయ్యేది," అన్నాడు. నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత మునేటి దరి ఊళ్లలో పొలం అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ అందరికీ చెప్పాడు. నందిగామలో ఒక బ్రోకరున్నాడు, ధర్మాత్ముడు, ఆయన దగ్గరికే వెళ్లండి అని. ఆ వైపు నుంచి నాకు వచ్చిన బేరాల్లో చాలావరకు ఆయన చెప్పి పంపినవే. పిల్లల చదువులూ ఇంటి ఖర్చులూ చాలా ఏళ్లు వాటి మీదే గడిచాయి. ఒక్కదాన్ని కూడా నేను వద్దనలేదు.